బూడిద మబ్బు – దారిలో ఆగిన ముసాఫిర్

ఎక్కడో ఆఫ్రికాలో కొండ పేలితే జగిత్యాలలో పెండ్లి ముహూర్తం తప్పుతుందా? నిర్మల్‌లో తండ్రి జనాజాకు కొడుకు అందకుండా పోతాడా? 2025 నవంబరులో జరిగినది చూస్తే, అలా కావచ్చుననే అనిపిస్తుంది.

నవంబరు 23, ఆదివారం నాడు ఇథియోపియా దేశంలోని అఫార్ ప్రాంతంలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం బద్దలయింది. గడచిన పన్నెండు వేల ఏండ్లలో అది పేలినట్లు దాఖలాలు లేవు. దాని బూడిద దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా అరేబియా సముద్రం మీదికి వచ్చింది. మరునాటి రాత్రికి గుజరాత్, రాజస్థాన్‌లు దాటి ఢిల్లీ ఆకాశాన్ని చేరింది. 25వ తేదీన చైనా వైపు సాగిపోయింది.

బూడిద మన జిల్లాల దిక్కు రాలేదు. కాని దాని దెబ్బ మాత్రం మనకు తగిలింది. ఆ రెండు రోజుల్లో ఎయిర్ ఇండియా రద్దు చేసిన 11 సర్వీసులలో దుబాయి – హైదరాబాద్ విమానం కూడా ఉంది. ఆకాశ ఎయిర్ సంస్థ జిద్దా, కువైట్, అబుదాబి సర్వీసులను నిలిపివేసింది. ఈ ఊర్ల పేర్లు కరీంనగర్, ఆదిలాబాద్ వాసులకు కొత్తవి కావు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మన ప్రాంతపు బతుకును మూడు మాటల్లో చెప్పుకోవడం అందరూ ఎరిగినదే. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఖానాపూర్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడ అరుదు. ఉమ్రా యాత్రికులు వెళ్ళేదీ ఆ ఆకాశమార్గంలోనే.

ఇంతకూ బూడిదను చూసి విమానం ఎందుకు భయపడాలి? అది మన పొయ్యిలోని బూడిద కాదు. పొడిపొడి అయిన రాయి, గాజు. విమానం ఇంజన్‌లోని వేడికి ఆ గాజు కరిగి, లోపలి రెక్కలకు అంటుకుని గట్టిపడుతుంది. గాలి ఆడక ఇంజన్ ఆగిపోతుంది. పైలట్ ముందున్న అద్దం గీతలు పడి మసకబారుతుంది. తడి మబ్బును పసిగట్టే విమానపు రాడార్‌కు ఈ పొడి మబ్బు సరిగా కనిపించదు కూడా.

ఈ సంగతిని లోకం కష్టపడి నేర్చుకున్నది. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి కౌలాలంపూర్ నుండి ఆస్ట్రేలియాకు పోతూ, ఇండోనేషియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుంది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. అందులో 263 మంది ఉన్నారు. విమానం కిందికి జారుతూ బూడిద నుండి బయటపడిన తర్వాత ఇంజన్లు తిరిగి అందుకున్నాయి. అల్లాహ్ దయవల్ల అందరూ జకార్తాలో క్షేమంగా దిగారు. అటువంటి అనుభవాల తర్వాతనే బూడిదపై నిఘా వేయడానికి ప్రపంచంలో తొమ్మిది కేంద్రాలు ఏర్పడ్డాయి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలినప్పుడు యూరప్ ఆకాశాన్ని దాదాపు ఆరు రోజులు మూసివేశారు. లక్ష దాకా విమానాలు రద్దయ్యాయి. సుమారు కోటిమంది ప్రయాణికులు ఎక్కడివారక్కడ ఆగిపోయారు.

ఇటువంటివి జరిగినప్పుడు 'ప్రళయ సూచన' అంటూ భయపెట్టేవారు బయలుదేరుతారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. పిల్లవాడి మరణానికే సూర్యుడు చీకటి పడ్డాడని జనం అనుకున్నారు. ప్రవక్త (స) అంతటి దుఃఖంలోనూ ఆ మాటను ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు మాత్రమేననీ, ఎవరి చావు పుట్టుకలకూ గ్రహణం పట్టదనీ బోధించారు. అగ్నిపర్వతం కూడా సృష్టికర్త ఏర్పరచిన నియమం ప్రకారమే పేలుతుంది. ఆదిలాబాద్‌లో పత్తి పండే నల్లరేగడి, కోట్ల ఏండ్ల కిందట దక్కన్‌లో పారిన లావారాయి అరిగి ఏర్పడిన మట్టే కదా!

విమానం ఆపినవారిని తిట్టుకోవడం కూడా తగదు. ఒంటెను వదిలిపెట్టి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన మనిషికి, ముందు దానిని కట్టి, ఆపైన భారం వెయ్యమని ప్రవక్త (స) నేర్పారు. బూడిద తొలగేదాకా విమానాన్ని నేలమీద ఉంచడమంటే ఒంటెను కట్టడమే. అది తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగం.

ఇక ఆగిపోయిన ముసాఫిర్ సంగతి. ధర్మం అతన్ని ఒంటరిగా వదిలిపెట్టలేదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన దూరానికి బయలుదేరినవాడు ముసాఫిర్. కరీంనగర్ నుండి శంషాబాద్ వెళ్ళినవాడూ ఆ లెక్కలోకి వస్తాడు. నాలుగు రకాతుల ఫర్జ్‌ను అతడు రెండుగా చేయాలి. స్థానిక ఇమాం వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. 'ఇవాళ పోతాం, రేపు పోతాం' అంటూ రోజులు గడిచినా, పదిహేను రోజులు ఉంటానని సంకల్పించనంత వరకు ఈ సడలింపు ఉంటుంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు దారి మూసివేయగా ఆరు నెలలు ఆగిపోయి, కస్ర్ నమాజే చేశారు. ఆనాడు మంచు, ఈనాడు బూడిద. అయితే తాను నివాసముండే ఊరు దాటకుండానే ఆగిపోయినవాడు ముసాఫిర్ కాడు. అతడు పూర్తి నమాజు చేయాలి.

మరొక ముఖ్య విషయం. జకాత్ పొందదగిన ఎనిమిది కోవలలో 'ఇబ్నుస్సబీల్', అంటే బాటసారి, ఒకడు. ఇంటి దగ్గర ఆస్తిపాస్తులున్నా, దారిలో చేతిలో చిల్లిగవ్వ లేక చిక్కుకుంటే అవసరం మేరకు అతనికి జకాత్ చెల్లుతుంది. అది భిక్ష కాదు, అల్లాహ్ నిర్ణయించిన హక్కు. మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్ పెద్దలు ఈ కోవను తరచు మరచిపోతున్నారు. ఆదిలాబాద్ నుండి దాదాపు 300 కిలోమీటర్లు కిరాయి బండిలో శంషాబాద్ చేరి, విమానం లేదని విన్న కూలీ సోదరుడికి రెండు పూటల తిండి, ఒక రాత్రి పడక ఎవరు ఇస్తారు? ఈ ప్రశ్నకు ముందే జవాబు సిద్ధంగా ఉండాలి.

ప్రయాణికులూ తమ ఒంటెను తాము కట్టుకోవాలి. ఇల్లు కదలకముందే విమానం ఉందో లేదో విచారించుకోండి. ప్రకృతి వైపరీత్యానికి మన నిబంధనల ప్రకారం నష్టపరిహారం రాదు. కాని సంస్థ రద్దుచేసిన ప్రయాణానికి టికెట్ డబ్బు వాపసు గానీ, వేరే విమానం గానీ అడిగే హక్కు మీది. రద్దయినట్లు వచ్చిన సందేశాన్ని భద్రపరచండి. సౌదీ రీఎంట్రీ గడువు దగ్గరపడితే వెంటనే కఫీల్‌కు రాతపూర్వకంగా తెలపండి. మీరు ఇక్కడ ఉండగానే అతడు ఆన్‌లైన్‌లో గడువు పొడిగించే వీలుంది. గడువు చివరి రోజుకే టికెట్ కొనే అలవాటు మానుకోవడం అన్నిటికన్నా మంచిది.

అఫార్‌లో పశువులు కాచుకుని బతికే మన ముస్లిం సోదరుల పచ్చికబీళ్ళు ఆ బూడిద కిందే పడ్డాయి. మనకు పోయినవి రెండు రోజులు, వారికి పోయింది మేత. ముసాఫిర్ దుఆ తిరస్కరించబడదని హదీసు తెలుపుతున్నది. విమానాశ్రయంలో కూర్చుని ఎదురుచూసే సోదరుడు ఆ దుఆలో వారినీ తలచుకుంటే, ఆగిపోయిన ఆ సమయం వృథా పోదు.