ఒక వీడియో ఆటయందలి ధర్మసందేహము

కథ ముగిసినను విన్నవాని మనస్సున ప్రశ్న ముగియకుండుట మనవారికి క్రొత్త కాదు. భేతాళ కథలు అట్టివే. భేతాళుడు కథ చెప్పి, వీరిలో ఎవరిది ధర్మమని రాజును అడుగును. తెలిసియు చెప్పకున్న తల పగులునని బెదరించును. 'చందమామ' మాసపత్రిక ఈ కథలను చిరకాలము ప్రకటించి తెలుగు బాలబాలికలకు ధర్మవిచారమును అలవాటు చేసినది. నేడు భేతాళుని పనిని కొన్ని వీడియో ఆటలు చేయుచున్నవి. అట్టి యొక ఆట ముగింపునుగూర్చి మైలార్‌దేవ్‌పల్లిలోని మన పై తరగతుల విద్యార్థులు రెండు పక్షములై వాదించుకొనుట మేము వినుచున్నాము. ఆ వాదము వ్యర్థమని మేము తలంపము. అయితే అది సరియైన ప్రశ్నమీద నడచుచున్నదా యని మాత్రము విచారింపవలసియున్నది.

ఆ యాట పేరు 'ద లాస్ట్ ఆఫ్ అస్'. అమెరికా దేశమునందలి నాటీ డాగ్ అను సంస్థవారు దీనిని నిర్మించిరి. ఇది 2013 జూన్ 14వ తేదీన వెలువడినది. 2023లో ఇదే కథ టెలివిజన్ ధారావాహికగా వచ్చుటచే ఆట ఆడనివారికిని తెలిసినది. ఇందు రక్తపాతము మెండు. ఐరోపా వర్గీకరణమున ఇది 18 సంవత్సరములు నిండినవారికే తగినదని నిర్ణయింపబడినది. కావున పిల్లలు దీనిని ఆడవలెనని మేము చెప్పుట లేదు. కాని బిడ్డలు దేనినిగూర్చి తర్కించుకొనుచున్నారో తలిదండ్రులకు తెలియకుండుట మంచిది కాదు.

కథ సంగ్రహముగా ఇది. చీమల శరీరమున ప్రవేశించి వాటి నడకను తన వశము చేసికొను ఒక విధమైన బూజు ప్రకృతిలో నిజముగానే కలదు. అట్టిది మనుష్యులకు సోకినచో ఏమగునను కల్పనమీద ఈ కథ నిలిచినది. తెగులు చెలరేగిన రాత్రియే జోయెల్ అనునతడు ఒక సైనికుని తుపాకి గుండుచే తన కుమార్తెను పోగొట్టుకొనును. ఇరువది యేండ్ల పిమ్మట ఎల్లీ యను పదునాలుగేండ్ల బాలికను దూరదేశమునకు చేర్చు పని అతనిమీద పడును. తెగులు సోకియు ఆమె చెడలేదు గనుక, ఆమెవలన మందు దొరకునని ఫైర్‌ఫ్లైస్ అను దళమువారు ఆశించిరి. ప్రయాణమున వారిద్దరును తండ్రీకూతుళ్లవంటివారైరి. తీరా వైద్యశాల చేరిన పిమ్మట, మందు కొరకు ఆమె మెదడును కోయవలెననియు, ఆమె బ్రదుకదనియు జోయెల్‌నకు తెలియును. అతడు దళమువారిని, శస్త్రవైద్యుని, తుదకు వారి నాయకురాలిని చంపి, మత్తులోనున్న బాలికను ఎత్తుకొనిపోవును. మేలుకొన్న ఆమెతో, నీవంటివారు అనేకులు కలరనియు, వైద్యులు ప్రయత్నమే మానిరనియు బొంకును. కడపట ఆమె ప్రమాణము చేయుమనగా ప్రమాణమును చేయును. ఆమె ఒక్క మాటతో సరేయనును. నిజముగా నమ్మెనో, నమ్మినట్లు ఉండెనో తెలుపకయే ఆట ముగియును.

ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. పుస్తకము చదువువాడు జరిగినదానిని చూచువాడు మాత్రమే. ఈ ఆటయందు శస్త్రవైద్యుని చంపినగాని కథ ముందునకు సాగదు. మీట నొక్కువాడు ఆడువాడే. ఇష్టము లేకున్నను ఆ పని తన చేతిమీదుగా జరుగుటచేతనే విద్యార్థులు ఇంత వేడిగా వాదింతురు.

ఒక పక్షమువారు, లోకమంతటి క్షేమముముందు ఒక్క ప్రాణమెంత యందురు. రెండవ పక్షమువారు, కన్నబిడ్డవంటిదానిని కత్తికి అప్పగించు తండ్రి తండ్రియేనా యందురు. ఒకరు తలలు లెక్కించుచున్నారు. ఒకరు ప్రేమను తూచుచున్నారు. ఇరుపక్షములవారును మరచిన సంగతి యొకటి కలదు: ఎల్లీని ఎవరును అడుగలేదు. దళమువారు ఆమెను మేలుకొలిపి చెప్పలేదు. జోయెల్‌యు ఆమె మనస్సు తెలిసికొనలేదు. లోకము పేరిట వారును, ప్రేమ పేరిట అతడును ఒకే తప్పు చేసిరి.

సమ్మతి యన నేమో మన దాపుననే చూడవచ్చును. దానముగా లభించిన గుండెయో ఊపిరితిత్తులో శంషాబాదు విమానాశ్రయమునుండి నగరమునకు వచ్చునపుడు పోలీసువారు దారి పొడవున వాహనములను ఆపి అంబులెన్సునకు త్రోవ విడిపింతురు. ఒకరు మరణింపగా మరియొకరు బ్రదుకుటను చూచి మనము సంతోషింతుము. అందు దోషము లేదు. ఏలయనగా మెదడు మృతినొందినదని వైద్యులు ధ్రువపరచిన పిమ్మట, తగిన సమ్మతి పొందియే అవయవములు తీయుదురు. జీవించియుండి అవయవమును ఇచ్చువాడు సాధారణముగా 18 సంవత్సరములు నిండినవాడై తన యిష్టముతో ఈయవలెనని మన దేశమున 1994 నాటి చట్టము విధించినది. ఎంత గొప్ప మేలైనను అడుగక తీసికొన్నచో అది దానము కాదు, దోపిడి.

అడిగినచో ఎల్లీ ఒప్పుకొనియుండును గదా యని కొందరందురు. అది నిజము కావచ్చును. 2020లో వెలువడిన రెండవ భాగమున ఆమెయే, తాను అక్కడ చనిపోయినచో తన బ్రదుకునకు అర్థముండెడిదని జోయెల్‌ను నిందించును. కాని ఒప్పుకొనునని ఊహించుట వేరు, ఒప్పుకొనుట వేరు. మరియు పదునాలుగేండ్ల బిడ్డ తన మరణమునకు తాను సమ్మతింపగలదా యను ప్రశ్న మిగిలియే యున్నది. మూత్రపిండమునకే పదునెనిమిదేండ్లు నిండవలెనన్నచో ప్రాణమునకు ఏమి చెప్పవలెను?

కావున విద్యార్థులు జోయెల్ మంచివాడా, చెడ్డవాడా యని ఒక్క తీర్పు చెప్పబూనక, అతని కార్యములను విడదీసి చూడవలెనని మా అభిప్రాయము. బిడ్డను కత్తిక్రిందనుండి తప్పించుట మొదటిది. దీనిని తప్పు పట్టుట కష్టము. అడ్డు వచ్చినవారిని చంపుట రెండవది. ఆయుధము లేక నేలపై పడి బ్రతిమాలుకొనుచున్న నాయకురాలిని చంపుటకు ఆపద యను సాకైనను చాలదు. అబద్ధమాడుట మూడవది. అప్పటికి తుపాకులు లేవు, వెంబడించువారు లేరు, తొందర లేదు. నిజము చెప్పిన ఆమె తన్ను విడిచిపోవునను భయము తప్ప వేరు కారణము కానరాదు. మొదటి కార్యము ఆమె ప్రాణమును కాపాడినది. మూడవది ఆ ప్రాణమును ఆమె చేతికి ఈయక తన చేతనే ఉంచుకొన్నది.

ఆ అబద్ధపు ఫలమేమో రెండవ భాగము చూపును. ఆమె తానే ఆ వైద్యశాలకు తిరిగిపోయి నిజము తెలిసికొనును. వారి మధ్య మాటలు తెగును. చాలకాలమునకు ఒక రాత్రి, క్షమించుటకు ప్రయత్నింతునని ఆమె అతనితో చెప్పును. మరునాడే అతడు ఆ శస్త్రవైద్యుని కుమార్తె చేతిలో మరణించును. క్షమాపణకు కావలసిన కాలమును ఆ అబద్ధమే తినివేసినది.

తలిదండ్రులారా, ఇది ఆటలోని మాట మాత్రము కాదు. ఇంట పెద్దవారికి ప్రాణాంతకమైన రోగము వచ్చినపుడు వారికి తప్ప అందరకును చెప్పు ఆచారము మనలో కలదు. బిడ్డ ఏమి చదువవలెనో, ఎప్పుడు చదువు మానవలెనో బిడ్డను అడుగకయే నిర్ణయించు ఇండ్లును కలవు. ఇవన్నియు ప్రేమతోనే జరుగును. జోయెల్‌ది కూడ ప్రేమయే. ప్రేమ యున్నదని అడుగుట మానరాదు. అడుగుటయు ప్రేమలోని భాగమే.

విద్యార్థులారా, మీరు వాదింపుడు. కాని ఎదుటివాని పక్షమును అతని కంటె బాగుగా చెప్పగలిగిన పిమ్మటనే మీ పక్షమును చెప్పుడు. చివరి కథకు విక్రమార్కుడు ఉత్తరము తోచక మౌనము వహించెను. భేతాళుడు దానికి కోపింపక మెచ్చుకొనెను. తెలియనిచోట మౌనమును, తెలిసినచోట ధైర్యముతో సత్యమును పలుకుటయు మన బాలబాలికలకు అలవడుగాక!