నొప్పి పోయింది సరే... మోకాలు బరికి సిద్ధమేనా?

మంచి కూతగాడని చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న కుర్రాడు. వినాయక చవితి వెళ్లిన వారానికి మోకాలికి ఆపరేషన్ అయింది. సంక్రాంతి నాటికి కుంటు లేదు, నొప్పి లేదు, మోటార్ సైకిల్ మీద తిరుగుతున్నాడు. ఊరి పరువన్నారు, కబడ్డీ జట్టులోకి దింపారు. రెండో కూతలో గీత దాకా వెళ్లి గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఎవరూ పట్టలేదు, ఎవరూ తోయలేదు. మోకాలు మెలికపడి అక్కడే కూలిపోయాడు. ఈ విలేఖరి జనంలో నిలబడి కళ్లారా చూసిన సంగతి ఇది. మళ్లీ అదే కాలికి రెండో ఆపరేషన్. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద పెట్టుకున్న ఆశ అంతటితో సన్నగిల్లింది.

నొప్పి లేదు కనుక ఆడవచ్చుననుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఇది ఒక్క ఊరి కథ కాదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లలున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగిన విషయం.

నరం కాదు, కట్టు

ఊళ్లో 'మోకాలి నరం తెగింది' అంటారు. నిజానికి తెగేది నరం కాదు, లిగమెంటు. కాడినీ నొగనూ కలిపి కట్టిన తాడులాగా, తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ అది కట్టి ఉంచుతుంది. పరుగులో ఉన్నట్టుండి ఆగినా, పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు తిరిగినా దానిమీద భారం పడుతుంది.

పూర్తిగా తెగిన ముందు లిగమెంటును చాలామందికి కుట్టి అతికించరు. తొడ వెనుక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో కొంత కండర బంధనం తీసి, ఎముకలో రంధ్రం చేసి కొత్త కట్టుగా అమర్చుతారు. నాటిన వరినారు సంగతి రైతుకు తెలుసు. మొదట వాడుతుంది, వేరు పట్టాకే లేస్తుంది. ఈ కట్టూ అంతే. మొదటి నెలల్లో బలం తగ్గి, రక్తనాళాలు అల్లుకున్న తరువాత నెమ్మదిగా గట్టిపడుతుంది. చిక్కేమిటంటే, వాపూ నొప్పీ పోయి కుర్రవాడు హుషారుగా ఉన్న రోజుల్లోనే లోపలి కట్టు ఇంకా పచ్చిగా ఉంటుంది.

లెక్కలేమంటున్నాయి?

నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షలన్నీ నెగ్గాక గెంతులు, మలుపులు ఉన్న ఆటల్లోకి తిరిగి వెళ్లినవారిలో నూటికి 6 గురికి లోపే మోకాలు మళ్లీ దెబ్బతింది. నెగ్గకుండానే దిగినవారిలో నూటికి 38 మందికి దెబ్బ తగిలింది. 9 నెలలు నిండేదాకా ఆగిన ఒక్కొక్క నెలకూ ప్రమాదం సుమారు సగం తగ్గింది. అంటే 9 నెలలూ ఆగాలి, పరీక్షలూ నెగ్గాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోరాదు.

పరీక్షలు ఏమిటి?

మొదటిది, మోకాలు వాపు లేకుండా పూర్తిగా చాగాలి, పూర్తిగా ముడవాలి. రెండోది తొడ కండ బలం. దీన్ని యంత్రంతో కొలుస్తారు. బాగున్న కాలి బలంలో ఆపరేషన్ కాలికి నూటికి 90 పాళ్లయినా ఉండాలి.

మూడోది ఒంటికాలి గెంతులు. ఒక్క గెంతు ఎంత దూరం, వరసగా మూడు గెంతులు ఎంత దూరం, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు ఎంత దూరం, 6 మీటర్లు గెంతుతూ పోవడానికి ఎంత సమయం అని చూస్తారు. మంచి కాలితో 150 సెంటీమీటర్లు గెంతినవాడు రెండో కాలితో 135 అయినా గెంతాలి. దూరం ఒక్కటే చాలదు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. తొడ బలం తక్కువైనా తుంటి, చీలమండల సాయంతో గెంతేవారున్నారు. కనుక గెంతు చూసి బలం పరీక్ష మానరాదు. మంచంమీద ఉన్న నెలల్లో మంచి కాలు కూడా నీరసిస్తుందన్నది మరువరాదు. వైద్యుడు సరే అనకముందే ఇంటి ముంగిట్లో ఈ గెంతులు వేసి చూసుకోవడం మరీ ప్రమాదం.

నాలుగోది మనసు. భయం పోయిందా, మోకాలి మీద నమ్మకం కుదిరిందా అని 12 ప్రశ్నలతో అడిగే పత్రం ఉంది. జంకుతూ ఆడేవాడు కాలు సరిగా మోపడు.

ఇవన్నీ అయ్యాక కూడా నేరుగా పోటీకి పోరాదు. మొదట ఒంటరిగా పరుగు, మలుపులు. తరువాత పట్టు లేకుండా కూత సాధన. ఆ తరువాత జట్టువారితో మెల్లగా పట్లు. చివరకే పోటీ.

పేరున్నవారికీ తప్పలేదు

క్రికెటర్ రిషబ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదానికి గురై, మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్ చేయించుకుని, 2024 మార్చిలో గానీ మైదానంలోకి దిగలేదు. రియో ఒలింపిక్స్ ఫైనల్లో మన సింధుపై నెగ్గిన స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు 2019లో కుడి మోకాలు, 2021లో ఎడమ మోకాలు దెబ్బతిన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గెలుపు బాటలో ఉండగా కుడి మోకాలు మళ్లీ మొరాయించింది. గొప్ప వైద్యం అందేవారికే ప్రమాదం పూర్తిగా తొలగదు. మరి మన పల్లె పిల్లల మాటేమిటి?

బలం కొలిచే యంత్రం మండలంలో దొరకదు, పట్నం వెళ్లాలి. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయన్నది నిజమే. రెండో ఆపరేషన్ ఖర్చు ముందు అది ఏపాటి? ఫిజియోథెరపీ మధ్యలో మానేయకుండా చూడవలసింది తల్లిదండ్రులు. మోకాలి ఆపరేషన్ అయిన ఆటగాడు పేరిస్తే, వైద్యుడి కాగితం ఉందా అని అడగవలసింది పోటీల నిర్వాహకులు. పెద్దలు ఆ ఒక్క మాట అడిగి ఉంటే మన కూతగాడు ఈ ఏడు మంచం మీద ఉండేవాడు కాదు. సంక్రాంతి మళ్లీ వస్తుంది, మోకాలు మళ్లీ రాదు.