మంచుదేశములో డీజిలు జీపుకు వెచ్చదనము

ఎండకాలమున ఘాటురోడ్డు ఎక్కలేక లారీ ఆగిపోవుట, డ్రైవరు రేడియేటరులో నీరు పోయుట మనమందరము చూచినదే. ఇంజను వేడిని తగ్గించుటయే మనకు తెలిసిన చిక్కు. ఉత్తర స్వీడను, నార్వే, కెనడా ప్రాంతములలో ఈ చిక్కు తలక్రిందులు. సున్నకు 30 డిగ్రీలు దిగువనున్న ఉదయమున డీజిలు జీపును కదలించుటెట్లన్నది అచ్చటివారి ప్రశ్న. మన బిడ్డలు కొందరు అట్టి చోట్ల ఉద్యోగములు చేయుచున్నారు గనుక ఇది మనకును పరాయి విషయము కాదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే డీజిలు అంటుకొనవలెను. ఇనుపదిమ్మ గడ్డకట్టినంత చల్లగానున్నచో ఆ వేడిని గోడలే మ్రింగివేయును. గ్లో ప్లగ్గులు కొంత సాయపడును గాని, ఆ చలికి బ్యాటరీ సత్తువ తగ్గి, ఇంజనాయిలు చిక్కబడి యుండును. పైగా సాధారణ డీజిలులోని మైనము పేరుకొని ఫిల్టరును మూసివేయును. ఈ చివరి జబ్బునకు హీటరు మందు కాదు. శీతకాలపు డీజిలే పోయవలెను. మన లడఖ్ కొరకు 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు 33 డిగ్రీలు దిగువ వరకును పారునట్టి డీజిలును తెచ్చినది.

ఇంజను అందుకొన్న తరువాతనైనను సుఖము లేదు. డీజిలు పొదుపే ఇచ్చట దాని లోపము. పెట్రోలు ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు లోనికి వచ్చు గాలిని బిగబట్టును. డీజిలు ఇంజను సాధారణముగా అట్లు చేయదు; చిటికెడు డీజిలును కాల్చి, గుక్కగుక్కకు నిండుగా చలిగాలిని పీల్చి వదలును. ఇంటిముందు అరగంట నిలిపి నడిపినను నీరు సరిగా కాగదు. నాలుగు చక్రములకు అందు శక్తి మంచులో బండిని లాగును గాని, లోపలివాని చేతులను వెచ్చజేయదు.

కనుక వేడిని వేరుగా సంపాదింపవలెను. ఇంటి కరెంటుతో ఇంజనును కాచు చిన్న హీటరు ఒకటి కలదు. అట్టి దానికి అమెరికాలోని ఉత్తర డకోటా వాసి ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంటు పొందెను. చవుకయైనదే, కాని తీగ అందినంత మేరకే దాని సేవ.

రెండవది, బండిలోని డీజిలునే కాల్చు చిన్న పొయ్యి. ఒక పంపు ట్యాంకునుండి కొలతప్రకారము డీజిలును అందించును. మంటకు కాగిన నీరు ఇంజనులో తిరుగును. 5 కిలోవాట్ల పొయ్యి పూర్తిగా మండినప్పుడు గంటకు 0.6 లీటరు వరకు త్రాగును. గాలిని మాత్రమే కాచు రకము కూడ కలదు. బండిలో నిద్రించువారికి అది చాలును. ఉదయముననే ప్రయాణము కట్టువానికి నీటిని కాచునదే మేలని నా తలంపు. అయితే గొట్టములు కలుపుటలోనే పనివాని నేర్పంతయు నున్నది. నీరు క్యాబిను హీటరును మాత్రమే చుట్టివచ్చునట్లు బిగించినచో అద్దముపై మంచు కరగును, ఇంజను మాత్రము చల్లగానే మిగులును.

కొన్ని బండ్లకు కంపెనీవారే ఇట్టి పొయ్యిని అమర్తురు. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 డీజిలు బండ్లలో ఇది కనబడును. అది ఇంజను నడుచునప్పుడు తోడుగా మండుటకు ఉద్దేశించినది. పలువురు దానికి రిమోటునో టైమరునో తగిలించి, బయలుదేరుటకు ముందే వెలిగించుకొనుచున్నారు.

ఇక జాగ్రత్తలు. పంపునకు, ఫ్యానుకు కరెంటు బ్యాటరీనుండియే రావలెను. పొయ్యి అరగంట మండినచో బండియు అరగంట నడువవలెను. దినమంతయు కురుచ ప్రయాణములే చేయువాడు బ్యాటరీని విడిగా చార్జి చేసికొనక తప్పదు. అంతకంటె ముఖ్యమైనది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. అది ప్రాణములు తీయును. పొగగొట్టము క్యాబినులోనికి గాలి పోవు దారికి దూరముగా ఉండవలెను, మంచు దానిని కప్పివేయరాదు. మూసిన షెడ్డులో పొయ్యిని ఎన్నడును వెలిగింపరాదు. టైమరు పెట్టుకొన్నవాడు దీనిని మరింత గుర్తుంచుకొనవలెను; రాత్రి బండిని షెడ్డులో పెట్టి మరచినను, తెల్లవారుజామున అది తనంతట తానే వెలుగును. పెట్రోలు బంకులో దీనిని ఆర్పియుంచవలెను. వేసవిలోను నెలకొకసారి పది నిమిషములు మండించుచుండినచో పంపు బిగుసుకొనదు.