మోల్ లెక్కంటే మోయలేని బరువా?

కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నా, పరీక్షలో లెక్క మాత్రం మనమే చేయాలి కదా! కొండకు దగ్గర్లోనే, నాచుపల్లిలో, 2007లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. పెద్ద చదువు గుమ్మం ముందుకొచ్చినట్టే. కానీ ఆ గుమ్మం దాటాలంటే ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలోని 'స్టాయికియోమెట్రీ' పాఠం రావాలి. పేరు వినగానే హడలిపోయే అమ్మాయిలెందరో. నిజానికిది రోజూ వంటింట్లో మనం వేసే పాళ్ల లెక్కే.

చిక్కెక్కడ?

త్రాసు బరువు చెబుతుంది. రసాయన చర్య మాత్రం అణువుల సంఖ్యను బట్టి నడుస్తుంది. డజను అరటిపళ్లూ, డజను నిమ్మకాయలూ సంఖ్యలో ఒకటే, బరువులో కాదు. మోల్ కూడా డజనులాంటిదే, కాకపోతే చాలా పెద్ద డజను! ఒక మోల్ నీరు 18 గ్రాములు, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ 44 గ్రాములు. రెండింట్లో అణువుల సంఖ్య సమానమే.

మూడే మెట్లు

ముందు సమీకరణాన్ని తుల్యం చేసుకోవాలి. ఆ తర్వాత-

* ఇచ్చిన గ్రాములను అణుభారంతో భాగిస్తే మోల్స్ వస్తాయి.
* సమీకరణంలోని నిష్పత్తి ప్రకారం కావలసిన పదార్థం మోల్స్ కట్టాలి.
* వాటిని ఆ పదార్థం అణుభారంతో గుణిస్తే మళ్లీ గ్రాములు.

మొదటి మెట్టు ఎగ్గొట్టి గ్రాములకే నిష్పత్తి వేస్తే లెక్క తప్పుతుంది.

సిలిండర్ లెక్క

వంటగ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. సులువుగా ఉండేందుకు అంతా బ్యూటేనే అనుకుందాం. రెండు మోల్స్ బ్యూటేన్ మండడానికి 13 మోల్స్ ఆక్సిజన్ కావాలి. 8 మోల్స్ కార్బన్ డయాక్సైడ్, 10 మోల్స్ నీటి ఆవిరి వస్తాయి. బ్యూటేన్ అణుభారం 58. సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు, అంటే 14,200 గ్రాములు. 58తో భాగిస్తే సుమారు 245 మోల్స్. కార్బన్ డయాక్సైడ్ దానికి నాలుగింతలు, 980 మోల్స్. 44తో గుణిస్తే దాదాపు 43 కిలోలు!

పద్నాలుగు కిలోలు నలభై మూడెలా అయ్యాయి? గాలిలోంచి సుమారు 51 కిలోల ఆక్సిజన్ వచ్చి కలిసింది మరి. నీటి ఆవిరి 22 కిలోలు. అటు 65, ఇటు 65. సరిపోయింది!

ఏది ముందు అయిపోతే...

ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ పోస్తాం. పప్పు రెండు గ్లాసులే ఉంటే రవ్వ ఐదు గ్లాసులున్నా నాలుగే పడతాయి, ఒకటి మిగిలిపోతుంది. ఇక్కడ పప్పే హద్దు. లెక్కల్లోనూ అంతే, మోల్స్ పాళ్లలో ఏది ముందు అయిపోతుందో దాన్నిబట్టే జవాబు.

పొయ్యి దగ్గర ఆ హద్దు గాలే అయితే ప్రమాదం. ఆక్సిజన్ చాలక గ్యాస్ సగం సగం మండుతుంది, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మంట పచ్చగా మారి గిన్నెల అడుగు నల్లబడుతోందంటే బర్నర్ బాగు చేయించండి. వండేటప్పుడు కిటికీ తెరిచే ఉంచండి.

అమ్మలూ, మీ వంతు

"నీకు లెక్కలు రావులే" అనకండి. "సిలిండర్ లెక్క నాకు చెప్పవే" అని అడగండి. ప్రతి అంకె పక్కన గ్రాములో, మోల్సో రాయమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే, పరీక్షలోనూ రాసేస్తుంది!