డీజిల్ పంపు, నల్ల పొగ

డీజిల్ ఇంజిన్ పొగగొట్టం నుంచి వెలువడే నల్ల పొగ ప్రధానంగా మసి, అంటే సిలిండరులోకి చేరిన ఇంధనంలోని కర్బనం తనకు కావలసిన ఆక్సిజన్ వేళకు అందక పూర్తిగా కాలకుండానే సూక్ష్మ కణాలుగా మిగిలిపోయిన పదార్థం. నీలిరంగు పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్నదని, తెల్ల పొగ మండని డీజిల్ ఆవిరో రేడియేటరు నీటి ఆవిరో బయటికి పోతున్నదని తెలుపుతాయి కాబట్టి వాటి దారి వేరు. నల్ల పొగ తెలిపేది ఒక్కటే: ఆ క్షణాన సిలిండరులో ఉన్న గాలికి ఇంధనం ఎక్కువైంది, లేదా ఉన్న గాలితో ఇంధనం సరిగా కలవలేదు. సంగతి ఇంత సూటిగా ఉన్నా పాత వ్యాన్లలో దాని కారణం పట్టుకోవడం తరచు తికమకగా మారుతుంది. ఎందుకంటే గాలిని పీల్చే పనిని, ఇంధనాన్ని కొలిచే పనిని డీజిల్ ఇంజిన్ పుట్టినప్పటి నుంచే విడివిడిగా, ఒకదానికొకటి తెలియకుండా చేస్తూ వచ్చింది.

రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటు కోరి 1893లో పొందిన ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. పిస్టను గాలిని మాత్రమే నొక్కి, ఇంధనం తనంతట తాను అంటుకునేంత వేడి పుట్టిస్తుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రూపొందిన ఈ ఇంజిన్‌ను 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించినప్పుడు, ఇంధనంలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మారినట్టు తేలింది; ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందని ఎత్తు. అయితే ఇంధనాన్ని సిలిండరులోకి పంపడానికి ఆ ఇంజిన్ అధిక పీడనంతో కూడిన గాలిని వాడుకునేది. ఆ గాలి ఇంధనాన్ని చక్కగా తుంపరలు చేసేది గానీ, దానికి కావలసిన కంప్రెసరు బరువైనది, ఖరీదైనది. అందుకే తొలి డీజిల్ ఇంజిన్లు ఫ్యాక్టరీలలోనూ ఓడలలోనూ స్థిరపడ్డాయే తప్ప రోడ్డెక్కలేకపోయాయి.

ఈ చిక్కును విడదీయడంలో రెండు మెట్లు ముఖ్యమైనవి. బెంజ్ కంపెనీ ఇంజినీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో పేటెంటు తీసుకున్న ముందుగది మొదటిది. సిలిండరు తలలో ఒక చిన్న గదిని ఏర్పరచి, ఇంధనాన్ని మొదట అందులోకి చిమ్మి, అక్కడ సగం మండిన వాయువు ఇరుకు రంధ్రాల గుండా ఉరికి ప్రధాన సిలిండరులోని గాలితో కలిసేటట్టు చేయడం దాని సూత్రం. కలపడమనే బరువు గదిపై పడడంతో తక్కువ పీడనంతో పనిచేసే పంపు సరిపోయింది. రెండో మెట్టు ఆ పంపే. పెట్రోలు ఇంజిన్లకు నిప్పురవ్వనిచ్చే మ్యాగ్నెటోలతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ బాష్ కంపెనీ, నిప్పురవ్వే అక్కరలేని ఇంజిన్ కోసం 1922లో పంపు తయారీకి పూనుకుని, 1927లో దాని భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ పని తలపెట్టినవారికి వ్యాపారపు ముందుచూపు బాగానే ఉండి ఉండాలి. దాదాపు దశాబ్దం తరువాత, 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి కారుతో డీజిల్ చిన్న వాహనాల లోకంలో అడుగుపెట్టింది.

భారతదేశంలో ఈ పంపు పేరు మైకో. 1951లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (మైకో) బాష్ నమూనా పంపులను, నాజిళ్లను ఇక్కడే తయారుచేయడంతో, ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారిన తరువాత కూడా ఊరూరా ఉన్న పంపు రిపేరు షాపులలో పాత పేరే నిలిచింది. పుణె దగ్గర బజాజ్ టెంపో కంపెనీ తయారుచేసిన పలు మెటాడోర్ వ్యాన్లు, వాటి తరువాత వచ్చిన టెంపో ట్రావెలర్లు మెర్సిడెస్ ఓఎం 616 వంశపు 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో తిరిగాయి. ముందుగది, వరుస పంపు రెండూ ఉన్న ఆ ఇంజిన్‌ను నల్ల పొగ చదవడానికి మంచి పాఠ్యపుస్తకంగా తీసుకోవచ్చు.

వరుస పంపులో ఒక్కో సిలిండరుకు ఒక్కో ఎలిమెంటు, అంటే ప్లంజరనే కడ్డీ, అది కదిలే బ్యారెలనే గొట్టం కలిసిన జత ఉంటుంది. ఈ రెంటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడు రెట్లు మాత్రమే. అందువల్ల ఏ రబ్బరు వాషరూ లేకుండానే వందల బార్ల పీడనం నిలుస్తుంది. ప్లంజరు ఒంటిపై వాలుగా కోసిన ఒక గాడి ఉంటుంది. ప్లంజరు ప్రతిసారి ఒకే ఎత్తుకు లేస్తుంది. అయితే ర్యాక్ అనే పళ్ల కడ్డీ దాన్ని కొద్దిగా తిప్పినప్పుడు వాలు గాడి బ్యారెల్ రంధ్రాన్ని ముందుగానో ఆలస్యంగానో తెరుస్తుంది, అప్పటివరకు పోయిన డీజిలే సిలిండరుకు చేరుతుంది. ర్యాక్‌ను కదిలించేది డ్రైవరు పాదం మాత్రమే కాదు, వేగం మితిమీరకుండా చూసే గవర్నరు కూడా.

ఈ కొలత ఎంత సూక్ష్మమైనదో చిన్న లెక్కలో తేలుతుంది. 2.4 లీటర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు 600 ఘన సెంటీమీటర్లు. అందులోకి వాస్తవంగా చేరే గాలి అర గ్రాముకు కాస్త ఎక్కువ. డీజిల్ సంపూర్ణంగా కాలడానికి బరువు లెక్కన దాదాపు పద్నాలుగున్నర రెట్ల గాలి కావాలి గానీ, రెండూ సమంగా కలిసేంత వ్యవధి ఉండదు కాబట్టి పొగ రాకుండా ఉండాలంటే 18, 20 రెట్లయినా అవసరం. ఆ లెక్కన ఒక్క చిమ్మకానికి పోదగిన డీజిల్ గరిష్ఠంగా 35 ఘన మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఒక నీటి చుక్క కంటే తక్కువ. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో సిలిండరుకు ఈ చుక్క సెకనుకు 25 సార్లు అందాలి, ప్రతిసారి సెకనులో వెయ్యో వంతుకు ఒకటి రెండు రెట్ల కాలంలోనే లోపలికి పోవాలి. గాలికి మాత్రం ఇలాంటి కొలతగాడు లేడు. సాధారణ డీజిల్ ఇంజిన్ దొరికినంత గాలిని పీలుస్తుంది. పంపు ఆ గాలి ఎంతన్నది చూడకుండా తన లెక్క ప్రకారం డీజిల్ పోస్తుంది.

మసి పుట్టే తీరు కూడా తెలిస్తే తప్పు జరిగిన చోటు సులభంగా దొరుకుతుంది. చిమ్మిన ధార అంచుల్లో మంట అంటుకున్నప్పుడు దాని నడిమి భాగానికి వేడి అందుతుంది గాని ఆక్సిజన్ అందదు. అక్కడ డీజిల్ అణువులు విరిగి, వలయాలుగా మళ్లీ అతుక్కుని, 20 నుంచి 50 నానోమీటర్ల గుండ్రని కర్బన కణాలై గొలుసులు కడతాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లోనూ ఈ మసి పుడుతుంది, అయితే అందులో అధిక భాగం పిస్టను కిందికి దిగేలోపు సుడిగాలిలా తిరిగే గాలిలో కాలిపోతుంది. కాబట్టి డీజిల్ ఆలస్యంగా పడినా, పెద్ద బొట్లుగా పడినా, గాలి తగ్గినా ఫలితం ఒక్కటే: పుట్టిన మసికి కాలిపోయే వ్యవధి ఉండదు.

పరిశీలన మొదలుపెట్టవలసింది స్పానరుతో కాదు, పొగ ఎప్పుడు వస్తున్నదన్న ప్రశ్నతో. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే అనుమానం మొదట గాలి మీదికి పోవాలి. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, గాలి గొట్టం లోపలి పొర ఊడి పీల్చినప్పుడల్లా కుంగిపోవడం, టర్బో ఉన్న బండిలో దాని రబ్బరు గొట్టం చీలడం, కాలిన వాయువును తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోవడం, ఇవన్నీ పంపు తప్పు లేకుండానే నల్ల పొగ తెప్పిస్తాయి. 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 8 శాతం, 3,500 మీటర్ల లేహ్‌లో 30 శాతం తక్కువ కాబట్టి, కింద శుభ్రంగా నడిచిన పాత బండి అక్కడ నల్లబారడం సహజమే. దాన్ని జబ్బుగా ఎంచి పంపు విప్పడం అనవసరపు ఖర్చు.

ఖాళీగా నడిచేటప్పుడు, ఇంజిన్ ఒక వంక కుంటుతూ పొగ వదిలితే అనుమానం నాజిల్ మీదికి మారుతుంది. ఈ తరహా ముందుగది ఇంజిన్లలో నాజిల్ సూది సుమారు 115, 125 బార్ల దగ్గర తెరుచుకోవాలి. పరీక్ష పంపుకు బిగించి లివరు నొక్కినప్పుడు గుర్‌ర్‌మని తెగితెగి వచ్చే శబ్దంతో పొగమంచులా విరజిమ్మితే అది బాగున్నట్టు. సన్నని తీగలా కారినా, ఆగిన తరువాత కొనన బొట్టు మిగిలినా పాడైనట్టు. విప్పకముందే సిలిండర్లను ఒక్కొక్కటిగా పరీక్షించడం పాత పద్ధతి: ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ దగ్గరి పైపు నట్టును గుడ్డ చుట్టి కాస్త వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిల్ ఆగిపోతుంది, దానితో పాటు పొగ కూడా ఆగితే దోషి దొరికినట్టే. ఈ పరీక్ష పాత యాంత్రిక పంపులకే పరిమితం. 1990ల చివర వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లలో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి అక్కడ నట్టు తాకడం ప్రాణాపాయం; పాతవాటిలోనూ ధార చర్మంలోకి దూసుకుపోగలదు కాబట్టి చేతిని దారిలో ఉంచకూడదు.

గాలి, నాజిళ్లు తేలిన తరువాతే పంపు టైమింగు, సిలిండర్ల కంప్రెషన్ వంతు వస్తుంది. టైమింగు చైను సాగి చిమ్మకం వెనుకబడితే పొగతో పాటు పికప్ పడిపోతుంది, ఇంజిన్ మామూలు కంటే వేడెక్కుతుంది. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గితే పొద్దున్నే స్టార్టు కావడం కష్టమవుతుంది. ఇక పంపు విషయంలో అరుగుదల కంటే మనిషి జోక్యమే ఎక్కువసార్లు కారణమని చెప్పాలి. అరిగిన ఎలిమెంటు డీజిల్‌ను వెనక్కి కారనిచ్చి సాధారణంగా తక్కువే పోస్తుంది. ఎక్కువ పోయడానికి ముఖ్య కారణం, పికప్ పెంచాలని ఎవరో సీలు తెంచి గరిష్ఠ మోతాదు స్క్రూను తిప్పి ఉండడం. అయితే 1970ల వరకు వచ్చిన పలు చిన్న డీజిళ్లలో వాక్యూమ్‌తో నడిచే గవర్నరు ఉండేది: గాలి మార్గంలోని పలక వెనుక పుట్టిన వాక్యూమ్ ఒక పొరను లాగి ర్యాక్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది, స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. ఆ పొర చిరిగితే స్ప్రింగుదే పైచేయి అవుతుంది. ఇంజిన్ వేగం పట్టు తప్పుతుంది, నల్ల పొగ ఆగకుండా వస్తుంది. చిన్న పొర మారిస్తే తీరిపోయే ఈ లోపానికి పంపు మొత్తం కాలిబ్రేషన్ చేయించడం అరుదేమీ కాదు.

కంటి అంచనాకు అంకెనిచ్చేది పొగ మీటరు; అది పొగ గుండా కాంతిని పంపి ఎంత ఆగిందో కొలుస్తుంది. భారతదేశంలో భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణానికి ముందు నాటి డీజిల్ బండ్లకు హార్ట్రిడ్జ్ కొలమానంలో 65, ఆ స్టేజ్ బండ్లకు 50 దాటరాదు. ఈ పరీక్షలో న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరును ఒక్కసారిగా పూర్తిగా తొక్కుతారు, అంటే ర్యాక్ పూర్తి మోతాదుకు దూకిన క్షణం మీటరు పొగను చదువుతుంది. ఏళ్ల తరబడి సైలెన్సరులో పేరుకున్న మసి కూడా ఆ ఊపులోనే బయటపడుతుంది కాబట్టి, రిపేరు సక్రమంగా జరిగిన బండి కూడా మొదటి తొక్కుళ్లలో ఎక్కువ అంకె చూపుతుంది. అందువల్ల మెకానిక్‌లు మీటరు పెట్టకముందు బండిని కొన్ని కిలోమీటర్లు బరువుతో నడిపి, పొగగొట్టాన్ని ఊదించి, అప్పుడే కొలతకు నిలుపుతారు.