ఇంగ్లీషు క్లాసులో ఏం జరుగుతుంది?

కెల్లీవిల్ మెట్రో స్టేషను కారు పార్కులోనో, గుడిలో ప్రసాదం వరసలోనో ఇద్దరు తెలుగు తల్లిదండ్రులు కలుసుకుంటే మూడో నిమిషానికల్లా మాట పిల్లల చదువు మీదికి మళ్ళుతుంది. లెక్కలకి ట్యూషను ఎక్కడ, సెలెక్టివ్ పరీక్షకి ఎవరు బాగా తయారుచేస్తారు, ఫిజిక్సు మంచిదా కెమిస్ట్రీ మంచిదా - ఇలా సాగుతుంది. ఇంగ్లీషు సంగతెత్తితే మాత్రం "దానికేముందండీ, ఇక్కడే పుట్టినవాడు! వాడికి రానిది తెలుగు గానీ ఇంగ్లీషు కాదుగా" అని నవ్వేస్తారు. ఆ నవ్వు పదో తరగతి దాకా బాగానే నడుస్తుంది. పదకొండులో మొదటి వ్యాసం మార్కులు వచ్చిన రోజున ఇంట్లో కొంచెం నిశ్శబ్దం.

ఇందులో మన తప్పు పెద్దగా లేదు. మనం పెరిగిన పద్ధతి అది. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పార్ట్-వన్, తెలుగో సంస్కృతమో పార్ట్-టూ, అసలు చదువంతా పార్ట్-త్రీ. ఎంసెట్‌లో ఇంగ్లీషు ప్రశ్న ఒక్కటీ లేదు. (మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, ఒక్క వాక్యం కూడా మాట్లాడకుండా నూటికి తొంభై తెచ్చుకున్న మహానుభావులు ఈ సంచిక చదివేవారిలోనే చాలామంది ఉన్నారు!) గైడులో ఉన్న పది వ్యాసాలు బట్టీ పడితే పరీక్షలో నాలుగు వచ్చేవి. నాన్-డీటైల్డ్ కథ సారాంశం రాస్తే సరిపోయేది. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం చేతిలో ఉంటే ఇంగ్లీషు అయిపోయినట్టే.

న్యూ సౌత్ వేల్స్‌లో లెక్క తిరగబడింది. పన్నెండో తరగతిలో లెక్కలు మానేయవచ్చు, సైన్సు మొత్తం మానేయవచ్చు, ఇంగ్లీషు మానడానికి వీల్లేదు. కనీసం రెండు యూనిట్ల ఇంగ్లీషు చదవనిదే హెచ్.ఎస్.సి. రాదు. ఏటార్ లెక్క కట్టేటప్పుడు ముందుగా ఇంగ్లీషులో ఉత్తమమైన 2 యూనిట్లు తీసుకుని, ఆ తరవాతే మిగిలినవాటిలో ఉత్తమమైన 8 యూనిట్లు కలుపుతారు. అంటే మీ అబ్బాయి లెక్కల్లో రామానుజన్ అంతటివాడైనా, ఏటార్‌లో అయిదో వంతు ఇంగ్లీషు మాస్టారి చేతిలో ఉన్నట్టే. హెచ్.ఎస్.సి. రాత పరీక్షలు ఇంగ్లీషు మొదటి పేపరుతో మొదలవడం కూడా ఆనవాయితీ.

ఇంతకీ ఆ క్లాసులో ఏం చేస్తారు? ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నవల, నాటకం, కవిత్వం, సినిమా, ప్రసంగం అన్నీ పాఠాలే. తొమ్మిది, పది తరగతుల్లో షేక్‌స్పియర్ నాటకం ఒకటి తప్పదు. ఆదివాసీ రచయితల పుస్తకాలు చదువుతారు. "స్కూల్లో సినిమాలు చూపిస్తున్నారట, ఇదేం చదువు?" అని ఒక పెద్దాయన నా దగ్గర వాపోయారు. అక్కడ సినిమా కాలక్షేపానికి చూపించరు. కెమెరా ఎక్కడ పెట్టాడు, వెలుతురు ఎటునుంచి వచ్చింది, అందువల్ల చూసేవాడి మనసులో ఏం కలిగింది అని అడుగుతారు. మాయాబజార్ (1957) చూసి మార్కస్ బార్‌ట్లే తెరమీద పరిచిన వెన్నెల గురించి మన పెద్దలు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. అదే పని వీళ్ళు మార్కులకి చేస్తారు.

మొత్తం చదువుకి కీలకం ఇక్కడే ఉంది. కథలో ఏం జరిగిందని అడగరు. రచయిత అది ఎలా చెప్పాడు, అలా ఎందుకు చెప్పాడు అని అడుగుతారు. ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. తెలుగు పండితులు ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి చెప్పి లక్షణం, సమన్వయం రాయించేవారు గుర్తుందా? పిల్లలు మెటఫర్, సిమిలీ, పర్సనిఫికేషన్ అని పట్టుకొచ్చేవి వాటి చుట్టాలే. తేడా ఒక్కటే. మనం అలంకారం పేరు చెప్పి సమన్వయించగానే మార్కులు వేసేవారు. ఇక్కడ పేరు చెప్పడం మొదటి మెట్టు మాత్రమే. "ఆ రాత్రి ఇల్లంతా ఊపిరి బిగబట్టింది" అని ఒక వాక్యం ఉందనుకోండి. ఇంటికి ప్రాణం పోశాడని గుర్తిస్తే చాలదు. భయపడుతున్నది మనుషులైతే ఇంటికెందుకు ఆపాదించాడు? వాళ్ళు తమ భయాన్ని ఒకరితో ఒకరు చెప్పుకోలేని స్థితిలో ఉన్నారు గనకనా? అక్కడిదాకా వెళ్ళిన పిల్లవాడికి మంచి మార్కులు. మన పిల్లలు చాలామంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారని నా అనుమానం. లెక్కల్లో సరైన జవాబు రాగానే కింద గీత గీసేసే అలవాటు వాళ్ళది.

పన్నెండో తరగతికి వద్దాం. 2017లో ప్రకటించి, 2019 నుంచి పరీక్షలు పెట్టిన అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు పాఠ్యక్రమంలో నాలుగు భాగాలు. మొదటిది అందరికీ ఉమ్మడి: సాహిత్యంలో మానవానుభవం. జార్జ్ ఆర్వెల్ 'నైన్‌టీన్ ఎయిటీఫోర్' ఈ భాగానికిచ్చిన పుస్తకాల్లో ఒకటి. రెండోదానిలో ఒక పాత రచననీ, దానికి బదులుగా వచ్చిన మరో రచననీ పక్కపక్కన పెట్టి చదువుతారు. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'తో పాటు మార్గరెట్ ఆట్‌వుడ్ 2016లో రాసిన 'హాగ్-సీడ్' అలాంటి జంట. ఆట్‌వుడ్ ఆ నాటకాన్ని కెనడాలో ఒక జైల్లో ఖైదీల చేత ఆడిస్తుంది. ఇది వినగానే నాకు మన రామాయణాలు గుర్తొచ్చాయి. విశ్వనాథ 'కల్పవృక్షం' రాశారు, రంగనాయకమ్మ 'విషవృక్షం' రాశారు. ఆ రెండిటి మీద మన ఇళ్ళలో అన్నదమ్ములు అన్నాల దగ్గర పోట్లాడుకున్నారు. ఒకే కథని కాలాన్ని బట్టి, దృష్టిని బట్టి ఎందుకు మార్చి రాస్తారన్నదే ఆ పరీక్ష ప్రశ్న. మీ పిల్లలకి ఈ రెండు పుస్తకాల సంగతి చెప్పి చూడండి, గంట మాట్లాడతారు.

మూడోది ఒకే గొప్ప రచనని లోతుగా చదవడం. నాలుగోది సొంతంగా రాయడం. ఇందులో 'డిస్కర్సివ్' రచన అని ఒకటుంది. మా అమ్మాయి మొదట దానికి తల బాదుకుంది. కథ కాదు, వాదన కాదు, మరేమిటి? పానుగంటివారి 'సాక్షి' వ్యాసాలు చదివినవారికి సందేహం ఉండదు. ఒక విషయం పట్టుకుని, పక్కదారులు తొక్కుతూ, నవ్విస్తూ, తిరిగి దారిలోకి వస్తూ మాట్లాడటం. పానుగంటివారు తమ వ్యాసాలకి నమూనా తెచ్చుకున్నది ఇంగ్లండులో అడిసన్ నడిపిన 'స్పెక్టేటర్' పత్రిక నుంచే. అంటే మన పిల్లలు చేస్తున్నది ఒక విధంగా పాత చుట్టరికాన్ని కలుపుకోవడమే!

ఇక బట్టీ సంగతి. రెండో పేపరులో రెండు గంటల్లో మూడు ప్రశ్నలకి చేత్తో రాయాలి, ఒక్కోదానికి దాదాపు 40 నిమిషాలు. అందుకని ట్యూషన్లలో తయారు వ్యాసాలు రాయించి కంఠస్థం చేయిస్తారు. మా మిత్రుడొకరి అబ్బాయి అలా వెయ్యి మాటల వ్యాసం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. స్కూల్లో ట్రయల్ పరీక్షలో ప్రశ్న మరో వైపు తిరిగింది. కుర్రవాడు మాత్రం తనకి వచ్చిందే రాసి వచ్చాడు. ఇరవైకి పదకొండు. "అంతా కరెక్టే రాశానంకుల్!" అని నా దగ్గర బాధపడ్డాడు. రాసింది కరెక్టే, అడిగింది అది కాదు. వాక్యాలు, ఉదాహరణలు, ఆలోచనలు సిద్ధంగా పెట్టుకోవాలి. కానీ వాటిని ప్రశ్నకి తగినట్టు అక్కడికక్కడ అల్లుకోవడం వారం వారం రాస్తేనే వస్తుంది. సంగీతం నేర్చుకున్నవారికి కృతి పాడటానికీ స్వరకల్పనకీ తేడా చెప్పనక్కర్లేదు.

మొదటి పేపరులో ఇంకో చిక్కుంది. అంతకు ముందు ఎన్నడూ చూడని కవితలు, కథాభాగాలు ఇచ్చి ప్రశ్నలడుగుతారు. దానికి ట్యూషను లేదు. చిన్నప్పటినుంచి చదివిన చదువే దానికి మూలధనం. మన ఇళ్ళలో ఏడో తరగతి వచ్చేసరికి కథల పుస్తకం చేతిలో ఉంటే "హోంవర్కు అయిందా?" అంటాం. లైబ్రరీకి తీసుకెళ్ళడం ప్రైమరీ స్కూలుతోనే ఆగిపోతుంది. లెక్కల ట్యూషను కోసం నవల లాక్కున్న ఇంట్లో నష్టం అయిదేళ్ళ తరవాత తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మెడిసిన్ ఆశ ఉన్నవారూ వినాలి. యూక్యాట్ పరీక్షలో మొదటి విభాగమే వెర్బల్ రీజనింగ్. అది దాటినా, ఇంటర్‌వ్యూలో ఎదుటివాడి బాధ గురించి నాలుగు మాటలు నిజాయితీగా మాట్లాడాలి.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెబుతాను. పదకొండో తరగతిలో మా అమ్మాయి ఒక చిన్న రచన చేసింది. ఆదివారం ఫోనులో తెనాలి నుంచి నాయనమ్మ మాట్లాడుతుంది. తనకి సగం అర్థమవుతుంది, మిగతా సగానికి "ఊఁ, ఊఁ" అంటుంది. నాయనమ్మకి కూడా ఆ సంగతి తెలుసు, అయినా మాట్లాడుతూనే ఉంటుంది. ఇద్దరూ ఒకరికొకరు అర్థమైనట్టు నటించడమే ఆ ప్రేమ అని రాసింది. ఆ కాగితం మా అమ్మాయి మాకు చూపించలేదు. పేరెంట్-టీచర్ సమావేశంలో వాళ్ళ టీచరు చదివి వినిపించింది. నా భార్య కళ్ళు తుడుచుకుంటోంది. పదహారేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న పిల్ల మనసులో ఏముందో మాకంటే ముందు ఒక ఐరిష్ ఆవిడకి తెలిసింది. నాకు కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకోవాలి. అప్పటినుంచి ఆదివారం ఫోను స్పీకరులో పెట్టి, అర్థం కానిచోట "నాయనమ్మా, మళ్ళీ చెప్పు" అనే నియమం పెట్టుకున్నాం. అమ్మ ఇప్పుడు పిల్లకి సామెతలు నేర్పుతోంది.

ఈ అనుభవాలన్నీ క్లాసులో పనికొచ్చే సరుకే. 2019 నాటి పాఠ్యక్రమం ఉమ్మడి భాగంలో విద్యార్థి తానే ఎంచుకున్న మరో రచనని కూడా చదవమంది. అటువంటి అవకాశం వచ్చినప్పుడు మన కథలు ఎందుకు పనికిరావు? గురజాడ 'కన్యాశుల్కా'నికి వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం 2007లో వచ్చింది. తేవాలా వద్దా అన్నది ముందుగా టీచరుని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఏ కోర్సు తీసుకోవాలన్నది పదో తరగతిలో తేల్చుకోవాలి. స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్, వాటితోపాటు ఈ.ఏ.ఎల్.డి. అనీ, ఇంగ్లీషు స్టడీస్ అనీ ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ చదివేవారు ఎక్స్‌టెన్షన్ కూడా తీసుకోవచ్చు. ఈ.ఏ.ఎల్.డి. గురించి కొత్తగా వచ్చిన కుటుంబాలు తరచు అడుగుతారు. పదకొండు మొదలయ్యేనాటికి ఇంగ్లీషు మీడియంలో చదివింది అయిదేళ్ళకి మించకూడదన్నది నియమం. హైదరాబాదులో ఎల్.కె.జి. నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకి, ఇక్కడికి నిన్ననే దిగినా, అది వర్తించదు. అడ్వాన్స్‌డ్ నుంచి స్టాండర్డ్‌కి దిగడం తేలిక, పైకెక్కడం కష్టం. అయినా పరువు కోసం అడ్వాన్స్‌డ్‌లో కూర్చోబెట్టి పిల్లని రెండేళ్ళు ఏడిపించే కంటే, స్టాండర్డ్‌లో హాయిగా రాసుకోనివ్వడం మేలు. స్కేలింగు గురించి విందు భోజనాల్లో వినిపించే లెక్కలు సగం పుకార్లు.

మరో రెండు సంగతులు. హెచ్.ఎస్.సి. మార్కుల్లో సగం స్కూలు అసెస్‌మెంట్లవి, సగం పరీక్షవి. పన్నెండో తరగతి జనవరిలో కాక, అంతకు ముందు అక్టోబరులోనే మొదలవుతుంది. కనక డిసెంబరులో ఇండియా టికెట్లు కొనేముందు అసెస్‌మెంటు తేదీల కాగితం చూడండి. కంప్యూటరు చేత వ్యాసం రాయించి ఇచ్చిన పిల్లలకి సున్నా దాకా రావచ్చు. అందుకే చిత్తుప్రతులు దాచుకోమనండి.

2024లో కొత్త పాఠ్యక్రమం ప్రకటించారు. 2026లో పదకొండులో చేరినవారితో అది మొదలు, దాని మొదటి హెచ్.ఎస్.సి. 2027లో. కాబట్టి పెద్దబ్బాయి నోట్సు తమ్ముడికి అచ్చంగా పనికొస్తుందని అటక మీద దాచినవారు, ముందు స్కూలు ఇచ్చిన పుస్తకాల జాబితాతో సరిచూసుకోండి.