కథ లేని నవల ఎవరి కోసం?

నవల అనగానే తర్వాత ఏం జరుగుతుందోనని ఎదురుచూస్తాం. అంతర్ముఖ నవలలో జరిగేది తక్కువ, తలలో తిరిగేదే ఎక్కువ. అందుకే అది తీరికున్నవాళ్ల సాహిత్యమని, పొట్టకూటి కోసం పాటుపడేవాళ్లకు పనికిరాదని ఒక అభిప్రాయం ఉంది. కానీ ఆ నవలల్లో కనిపించే మనుషులెవరో చూస్తే ఈ మాట నిలవదు. పోర్చుగీసు రచయిత ఫెర్నాందో పెస్సోవా 1935లో చనిపోయాక, ఆయన పెట్టెలో దొరికిన కాగితాల నుంచి 1982లో వెలువడింది 'బుక్ ఆఫ్ డిస్‌క్వయట్'. అందులో మాట్లాడే బెర్నార్దో సోరెస్ లిస్బన్‌లో పద్దులు రాసే చిన్న గుమాస్తా. ఆఫీసూ, అద్దె గదీ ఒకే వీధిలో. ఖాతా పుస్తకంలో అంకెలు ఎక్కిస్తూనే ఊహలో దేశాలు తిరిగొస్తాడు. పెస్సోవా కూడా కంపెనీలకు వ్యాపార ఉత్తరాలు రాసిపెట్టి బతికినవాడే.

మన నవలల్లోనూ తీరికున్న దొరబాబులు లేరు. నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా విద్యార్థి రవి గడిపిన ఒక్క రోజు. పల్లె నుంచి వచ్చిన ఆ పేద కుర్రాడి బెరుకు, డబ్బు దిగులు ఒకదాన్నొకటి తరుముతుంటాయి. అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో డాక్టరు దయానిధిని రాయలసీమకు రప్పించాడు. అందులో కథ ఉంది. అయినా తల్లి గురించి లోకం అన్న మాట అతన్ని లోలోపల ఎలా తొలిచిందన్నదే అసలు నవల. ఇలాంటి తొలుపు ఎక్కువగా ఎరిగినవాళ్లు ఒకే పని రోజంతా చేసేవాళ్లే. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు తొక్కుతుంటే నాడె అటూ ఇటూ పోతుంది; చేతికి అలవాటైన పని మనసును వదిలేస్తుంది. అప్పుడు పాత బాకీ, పెళ్లీడుకొచ్చిన కూతురు, ఎన్నడో పడ్డ మాట గుర్తొస్తాయి. హిందూపురంలో పట్టుగూళ్లు ఏరే చేతులకైనా, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో వరుసగా వచ్చే కార్లకు ఒకే పని చేసే చేతులకైనా ఇంతే.

కరువు సీమకు కావలసింది సమస్యల కథలు కదా అనవచ్చు. అవీ కావాలి. అప్పు ఎలా పడిందో అవి చెబుతాయి. ఆ అప్పుతో నిద్రపట్టని మనిషి తనను తాను ఏమనుకుంటాడో చెప్పడానికి అంతర్ముఖ నవల కావాలి. విసుగు పుడుతుందన్న ఫిర్యాదులో మాత్రం నిజముంది. అయితే పెస్సోవా తన పుస్తకంలోని ముక్కలకు వరుస ఖాయం చేయలేదు, సంపాదకులు ఎవరికి తోచినట్టు వాళ్లు పేర్చారు. కాబట్టి ఎక్కడ తెరిచినా, రోజుకు రెండు పేజీలు చదివినా చాలు. తెలుగు పాఠకులు 'అంపశయ్య'తో మొదలుపెడితే దారి ఇంకా సులువు.